మీటరు మాట నలుగురికీ వినిపించండి

నల్లకుంటలోనో చిక్కడపల్లిలోనో ఏ అపార్ట్‌మెంట్ సెల్లారులోకైనా దిగి చూడండి. మెట్ల కింద వరసగా మీటర్లుంటాయి. ఒక్కోదాని పక్కన 101, 102, 201 అని పెయింటుతో రాసిన అంకెలు. చివర ఉన్నదాని మీద ‘కామన్’ అని ఉంటుంది. తన ఫ్లాటు బిల్లు రెండొందలు పెరిగితే ఆ ఇంటాయన వెంటనే లైన్‌మన్‌కి ఫోన్ చేస్తాడు, ఫ్రిజ్ తలుపు రబ్బరు తడిమి చూస్తాడు, పిల్లల గదిలో ఏసీ రిమోట్ దాచేస్తాడు. ఆ చివరి మీటరు ఎంత తిరిగినా మాత్రం ఎవరికీ పట్టదు. దాని బిల్లు మెయింటెనెన్స్‌లో కలిసిపోతుంది. అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోవడం మనకు కొత్త కాదు.

ఈ అధ్యాయం ఆ చివరి మీటరు గురించి. మీరు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ కావచ్చు. అశోక్ నగర్‌లో హాస్టల్ నడుపుతుండవచ్చు. నారాయణగూడలో ఏ కాలేజీలోనో, నర్సింగ్ హోమ్‌లోనో మెయింటెనెన్స్ చూస్తుండవచ్చు. ఏ పదవీ లేకుండా, ఆఫీసులో అందరూ వెళ్లిపోయాక లైట్లు ఆర్పి బయల్దేరే ఉద్యోగి కూడా కావచ్చు. మీరెవరైనా సరే, ఇక్కడ నేర్చుకోవాల్సినవి మూడు పనులు: మీటరు చదవడం, రాసిపెట్టడం, నలుగురికీ చెప్పడం.

మొదటి రెండింటికి ఓపిక ఉంటే సరిపోతుంది. మూడోదానికి ధైర్యం, నేర్పు రెండూ కావాలి. అందుకే చాలా భవనాల్లో రిజిస్టరు ఉంటుంది, దాన్ని తెరిచేవాళ్లే ఉండరు. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ లాంటి చోట మంచం దగ్గర జ్వరం చార్టు రాసేది రోగి కోసం ఒక్కటే కాదు, తర్వాతి డ్యూటీకి వచ్చే నర్సు చూడగానే అర్థం చేసుకోవాలని. కరెంటు లెక్క కూడా అలా రాయాలి. మీ తర్వాత చూసేవాడికి పనికొచ్చేలా, ఇవాళ చూసేవాడు ఏదో ఒకటి చేసేలా. చదివేవాళ్లు లేని లెక్క ఒక్క యూనిట్ కూడా మిగల్చదు.

రూపాయలు పక్కన పెట్టి యూనిట్లు చూడండి

వెయ్యి వాట్ల పరికరం గంట నడిస్తే ఒక యూనిట్. ఇది అందరికీ తెలుసు. కానీ బిల్లు చేతికి రాగానే కళ్లు వెళ్లేది కింద ఉన్న రూపాయల మీదికే. అక్కడే మోసపోతాం.

మన తెలంగాణ గృహ వినియోగ ధరలనే తీసుకోండి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం, నెలకి 200 యూనిట్లు కాల్చిన ఇంటికి మొదటి వంద 3.40 చొప్పున, తర్వాతి వంద 4.80 చొప్పున ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. అదే ఇల్లు 201 యూనిట్లు కాలిస్తే పై వర్గంలోకి వెళ్తుంది. అక్కడ మొదటి రెండొందలకూ 5.10, ఆ పైన ఒక్కదానికి 7.70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. పెరిగిన వాడకం ఒక్క యూనిట్, పెరిగిన ఖర్చు రెండొందల పైన. రూపాయలు చూసినవాడు ఇంట్లో ఏదో పెద్ద తేడా జరిగిందనుకుంటాడు.

దీనికి తిరకాసు కూడా ఉంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఒక ఇంట్లో వాడకం 90 నుంచి 190కి పెరిగిందనుకోండి. రెట్టింపు దాటినా బిల్లులో కనిపించేది సున్నానే. మొదటి ఇంట్లో రూపాయి ఉన్నదాన్ని పెద్దది చేసి చూపింది. రెండో ఇంట్లో ఉన్నదాన్ని పూర్తిగా దాచేసింది. పైగా బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, ఎలక్ట్రిసిటీ డ్యూటీ, ఒక్కోసారి పాత బకాయిలు కూడా కలిసి ఉంటాయి. వాడకం తెలియాలంటే ఒక్కటే దారి. బిల్లు మీద గత రీడింగు, ఇప్పటి రీడింగు, రెండు తేదీలు ఉంటాయి. ఆ నాలుగే మీకు కావాల్సినవి.

తేదీలు ఎందుకంటారా? రీడింగు తీసే మనిషి ప్రతినెలా ఒకే తేదీన రాడు. ఒక నెల 32 రోజులకి 1,600 యూనిట్లు వచ్చాయనుకోండి. మరుసటి నెల 28 రోజులకి 1,484. బిల్లు తగ్గింది కదా అని కమిటీ సంతోషిస్తుంది. భాగించి చూస్తే మొదటి నెల రోజుకి 50, రెండో నెల 53. వాడకం పెరిగిన నెలనే మీరు సంబరం చేసుకున్నారన్నమాట.

భవనానికి మూడు అంకెలు చాలు

పెద్ద భవనం అనగానే బోలెడు గ్రాఫులు, సాఫ్ట్‌వేర్లు అని భయపడకండి. మూడు అంకెలు తెలిస్తే ఆ భవనం నాడి మీకు దొరికినట్టే.

మొదటిది, రోజుకి ఎన్ని యూనిట్లు. దీన్ని పైన చూశాం. ఇది మీకు, మీ వాచ్‌మన్‌కి, మీ కమిటీకి.

రెండోది, చదరపు మీటరుకి ఏడాదికి ఎన్ని యూనిట్లు. ఇంజనీర్లు దీన్ని ఎనర్జీ పెర్ఫార్మెన్స్ ఇండెక్స్ అంటారు, పొట్టిగా ఈపీఐ. చిన్నదాన్నీ పెద్దదాన్నీ పక్కపక్కన పెట్టి చూడటానికి ఇది కావాలి. పన్నెండు నెలల యూనిట్లు కూడండి. పార్కింగ్ వదిలేసి కట్టడం విస్తీర్ణం తీసుకోండి. చదరపు అడుగుల్లో ఉంటే 10.76తో భాగిస్తే చదరపు మీటర్లు వస్తాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి.

నారాయణగూడ మెయిన్ రోడ్డు మీద 20,000 చదరపు అడుగుల ఆఫీసు ఉందనుకుందాం. అంటే సుమారు 1,858 చదరపు మీటర్లు. ఏడాదికి 2,40,000 యూనిట్లు కాలిస్తే ఈపీఐ 129. ఇది మంచిదా చెడ్డదా? కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2009లో ఆఫీసు భవనాలకు స్టార్ రేటింగ్ మొదలుపెట్టింది. ఫ్రిజ్‌కీ ఏసీకీ స్టార్లు ఇచ్చే సంస్థే అది. హైదరాబాద్ లాంటి, ఎండా వానా చలీ కలగలిసిన ‘కాంపోజిట్’ వాతావరణంలో, సగానికి మించి ఏసీ ఉన్న ఆఫీసుకి ఆ పట్టిక ఇలా ఉంది: 190 నుంచి 165 లోపు అయితే ఒక స్టార్, 165–140 రెండు, 140–115 మూడు, 115–90 నాలుగు, 90 కన్నా తక్కువైతే ఐదు. మన ఊహా ఆఫీసుకి మూడు స్టార్లు వస్తాయి. నాలుగోది అందుకోవాలంటే ఏడాదికి ఎన్ని యూనిట్లు తగ్గాలో ఇప్పుడు లెక్క కట్టగలరు. 129 నుంచి 115కి రావాలి, అంటే చదరపు మీటరుకి 14, మొత్తం 26,000 పైచిలుకు. ‘కరెంటు పొదుపు చేయాలి’ అన్న గాలిమాట ఒక లక్ష్యంగా మారింది చూడండి.

మూడోది, నెలలో గరిష్ఠ డిమాండ్. ఇది హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న ఆస్పత్రులు, మాల్స్, పెద్ద కాలేజీలకు ముఖ్యం. నెల మొత్తంలో అన్నీ కలిసి ఒకేసారి గుంజిన అత్యధిక లోడు ఎంత అన్నది బిల్లులో ఉంటుంది. మీరు 200 కేవీఏకి ఒప్పందం చేసుకుని 110 దాటకుండా వాడితే, అందులో 80 శాతానికి, అంటే 160కి డిమాండ్ ఛార్జీ కడుతూనే ఉంటారు. ఏళ్ల తరబడి ఎక్కువ ఒప్పందం మీద డబ్బు కడుతున్న భవనాలు తమ బిల్లునే సరిగా చదవలేదని అర్థం. ఒప్పందం దాటినవాళ్లకి పెనాల్టీ పడుతుంది. రెండింటికీ మందు ఒక్కటే, ప్రతినెలా ఆ అంకె రాసుకోవడం. ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 మధ్య వాడిన యూనిట్లకు హెచ్‌టీ వినియోగదారులు అదనంగా చెల్లిస్తారు కాబట్టి, సంపు నుంచి ట్యాంకుకి నీళ్లు ఎక్కించే పని ఆ వేళల్లో పెట్టుకోకపోవడం తెలివి.

దేనితో భాగించాలో మీరే తేల్చుకోండి

అంకె తక్కువ ఉంటే మంచి భవనం, ఎక్కువ ఉంటే చెడ్డ భవనం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీని చూడండి. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతో కిటకిటలాడుతుంది. కుర్చీ దొరక్క ఆవరణలో కూర్చుని చదివేవాళ్లూ ఉంటారు. అలాంటి చోట ఫ్యాన్లు ఎక్కువసేపు తిరిగితే, లైట్లు ఎక్కువసేపు వెలిగితే అది దుబారా అవుతుందా? లైబ్రరీ లెక్క వేయాల్సింది చదరపు మీటర్లతో కాదు, చదువుకునేవాళ్ల సంఖ్యతో. ఆస్పత్రికి పడకలు, హాస్టల్‌కి తలలు, సినిమా హాలుకి సీట్లు, ఆఫీసుకి విస్తీర్ణం. ఆ భవనం ఎవరికోసం ఉందో వాళ్లతో భాగించండి.

కాలం విషయమూ అంతే. హైదరాబాద్‌లో ఇళ్లకీ ఆఫీసులకీ ఏప్రిల్, మే బరువు నెలలు. ఫీవర్ హాస్పిటల్‌కి తాకిడి వానాకాలంలో. అశోక్ నగర్ హాస్టళ్లకి పబ్లిక్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ పడిందంటే సీజన్ మొదలైనట్టు, ఎండావానలతో పని లేదు. కాబట్టి మేని ఏప్రిల్‌తో పోల్చకండి, నిరుటి మేతో పోల్చండి. హాస్టల్ అయితే పక్కన ఆ నెల ఎంతమంది ఉన్నారో కూడా రాయండి. అరవైమంది ఉన్నప్పటి యూనిట్లనీ తొంభైమంది ఉన్నప్పటి యూనిట్లనీ నేరుగా పోలిస్తే, పెరిగింది దుబారానో పిల్లలో మీకు ఎప్పటికీ తేలదు.

రాత్రిపూట మీటరు అబద్ధమాడదు

పగలు భవనం పనిచేస్తుంది కాబట్టి ఏ యూనిట్ ఎవరిదో చెప్పడం కష్టం. రాత్రి అలా కాదు. ఒక కోచింగ్ సెంటర్ రాత్రి తొమ్మిదికి మూసేస్తారనుకుందాం. పదింటికి ఒక రీడింగు, పొద్దున ఆరింటికి ఒక రీడింగు తీయండి. తేడా 40 యూనిట్లు వచ్చిందంటే, మనిషి లేని భవనం ఎనిమిది గంటలపాటు గంటకి 5 యూనిట్ల చొప్పున మింగింది. నెలకి 1,200. వాణిజ్య కనెక్షన్‌కి 500 యూనిట్లు దాటాక ఉండే 11 రూపాయల ధరతో గుణిస్తే 13,200 రూపాయలు.

ఇప్పుడు టార్చ్ పట్టుకుని అంతస్తు అంతస్తూ తిరగండి. కంప్యూటర్ ల్యాబులో నిద్రపోని మానిటర్లు, ఎవరూ తాగని వాటర్ కూలర్లు, సర్వర్ గదిలో 18 మీద పెట్టిన ఏసీ, డాబా మీద తెల్లవార్లూ వెలిగే బోర్డు. వీటిలో కొన్ని ఆగకూడనివి, కొన్ని అడిగే దిక్కులేక వెలుగుతున్నవి. రెండు జాబితాలు రాయండి. ఏసీ గురించి ఒక్క మాట: 2020 జనవరి నుంచి మన దేశంలో తయారయ్యే గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన ఉంది. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో చెబుతుంది.

అపార్ట్‌మెంట్లలో రాత్రి కన్నా మోటరే పెద్ద చిక్కు. వాచ్‌మన్‌ని కోప్పడకుండా అడిగి చూడండి.

“మోటరు ఎప్పుడు బంద్ చేస్తవన్నా?”

“ట్యాంకు పొర్లి నీళ్లు కిందికొచ్చినప్పుడు సార్.”

“ఎంతసేపు పొర్లుతది?”

“మార్కెట్‌కి పోయొచ్చేలోపల ఎంత పొర్లితే అంత సార్.”

ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆరో అంతస్తు పైనున్న ట్యాంకు నిండిందో లేదో కింద ఉన్న మనిషికి తెలిసే ఏర్పాటు ఎవరూ చేయలేదు. 3 హెచ్‌పీ మోటరు గంటకి దాదాపు 3 యూనిట్లు లాగుతుంది. రోజూ ఒక గంట అనవసరంగా తిరిగితే నెలకి 90. ఫ్లోట్ స్విచ్ పెట్టిస్తే నీళ్లూ మిగులుతాయి. మెట్ల మీద, కారిడార్లలో పాత చోకు ట్యూబులు ఇరవై ఉంటే, పన్నెండు గంటలకి 12 యూనిట్లు. వాటి చోట 20 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే 5 లోపే.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

నాలుగు గుంటలున్నాయి. ముందే తెలుసుకుంటే పడరు.

పెద్ద లోడు ఉన్న భవనాలకు సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) మీటరు ఉంటుంది. దాని తెర మీద కనిపించే రీడింగు తేడాని బిల్లు మీద ముద్రించిన గుణకంతో హెచ్చవేయాలి. గుణకం 20 అయితే, మీటరులో ఒక్కటి తిరిగిందంటే భవనం ఇరవై వాడినట్టు. ఇది తెలియక ‘మనది చాలా పొదుపైన భవనం’ అనుకోవడం సులువు.

డాబా మీద సోలార్ పెట్టుకున్నవాళ్ల బిల్లు తగ్గుతుంది, వాడకం తగ్గినట్టు కాదు. అసలు వాడకం తెలియాలంటే లైను నుంచి తీసుకున్న యూనిట్లకి సోలార్ తయారుచేసిన యూనిట్లు కలిపి, లైనుకి తిరిగి ఇచ్చినవి తీసేయాలి. పలకలు పెట్టిన ఏడాదే ఇంటిల్లిపాదీ ఏసీలు పెంచేస్తే, ఈ కూడిక వేసిన రోజునే అది బయటపడుతుంది. స్టార్ రేటింగ్ లెక్కలో సోలార్ యూనిట్లు మినహాయిస్తారు, డీజిల్ జనరేటర్ యూనిట్లు మాత్రం కలుపుతారు. ఏ లెక్క దేనికి వేస్తున్నారో పక్కన రాసుకోండి.

తలుపు తాళం ఉన్నప్పుడో, మీటరు గది మూసి ఉన్నప్పుడో అంచనా బిల్లు వస్తుంది. ఆ నెల అంకె మీ లెక్కలోకి తీసుకోకండి. మీరు స్వయంగా తీసిన రీడింగే రాయండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక నాలుగోది, అమ్మకందారుల మాట. ప్లగ్గులో పెడితే బిల్లు తగ్గిపోతుందని చెప్పి అమ్మే ‘పవర్ సేవర్’ డబ్బాలు కొనేముందు ఒక సంగతి తెలుసుకోండి. వాటిలో ఎక్కువగా ఉండేది చిన్న కెపాసిటర్. ఇళ్ల బిల్లు కిలోవాట్ అవర్ల మీద వస్తుంది, దాన్ని కెపాసిటర్ తగ్గించదు. కిలోవోల్ట్ ఆంపియర్ అవర్ల (కేవీఏహెచ్) మీద బిల్లు వచ్చే పెద్ద కనెక్షన్లకు మాత్రం పవర్ ఫ్యాక్టర్ సరిచేసే కెపాసిటర్ ప్యానెల్ నిజంగానే పనికొస్తుంది. ఎవరైనా ‘ముప్పై శాతం ఆదా’ అంటూ వస్తే పన్నెండు నెలల లెక్క వాళ్ల ముందు పెట్టి, ఇందులో ఏ అంకె ఎంతకి దిగుతుందో రాసివ్వమనండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చాక డాబాకి తెల్లపూత వేయించుకోవడం గురించి చాలామంది వింటున్నారు. వేయించండి, మంచిదే. కానీ పూతకి ముందు మే నెల, పూత తర్వాత మే నెల పక్కపక్కన రాసిపెట్టుకుంటేనే అది ఎంత పనిచేసిందో పక్క బిల్డింగువాళ్లకి మీరు ధీమాగా చెప్పగలరు.

న్యూయార్క్ గుమ్మాల మీద అక్షరం

ఇప్పుడు చెప్పడం గురించి. ఈ విషయంలో న్యూయార్క్ నగరం నడిచిన దారి చూడదగ్గది. 2009లో ఆ నగరం ఒక చట్టం చేసింది. 50,000 చదరపు అడుగులు దాటిన ప్రతి భవనం తన ఏడాది కరెంటు, గ్యాస్, నీళ్ల వాడకం నగరానికి అప్పజెప్పాలి. గడువు ఏటా మే 1. 2016లో ఆ హద్దుని 25,000 చదరపు అడుగులకి దించారు. ఆ అంకెలు ఎవరైనా చూడొచ్చు. 2020 నుంచి ఇంకో అడుగు వేశారు. లెక్కని బట్టి ఎ, బి, సి, డి అని అక్షరం ఇచ్చి, దాన్ని భవనం ప్రవేశద్వారం దగ్గర అంటించాలన్నారు. లెక్క ఇవ్వనివాళ్లకి ఎఫ్. 2019లో చేసిన మరో చట్టంతో 2024 నుంచి ఉద్గారాలకి పరిమితులు పెట్టి, దాటితే జరిమానా అన్నారు. నల్లకుంట నుంచి వెళ్లి మాన్‌హాటన్‌లో ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు రోజూ ఆ అక్షరం పక్కనుంచే లోపలికి వెళ్తుంటారు.

వాళ్లు పనిచేసిన వరస గమనించండి. ఎక్కువ వాడినందుకు జరిమానా మొదట రాలేదు. ముందు లెక్క అడిగారు, తర్వాత దాన్ని అందరికీ కనిపించేలా పెట్టారు, పదేళ్లకి గానీ శిక్ష గురించి మాట్లాడలేదు. మన అసోసియేషన్లలో తరచు జరిగేది తలకిందులు. మొదటి మీటింగులోనే ఫైన్ వేద్దామంటారు, లెక్క మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

మన దగ్గరా చట్టాలు లేకపోలేదు. ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది, బ్యూరో 2002 మార్చి 1న ఏర్పడింది. పెద్ద వాణిజ్య భవనాలు కట్టేటప్పుడు పాటించాల్సిన ఇంధన నియమావళిని తెలంగాణ 2014లో తీసుకుంది. 2022 సవరణ నివాస భవనాలనూ ఆ పరిధిలోకి తెచ్చే వీలు కల్పించింది. అమెరికా బయట మొదటి లీడ్ ప్లాటినం (హరిత భవనాలకిచ్చే అత్యున్నత రేటింగ్) భవనంగా పేరు తెచ్చుకున్న సీఐఐ–గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ మన హైదరాబాద్‌లోనే ఉంది. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. అయితే ఇంధన నియమావళి ప్రధానంగా చూసేది కట్టే భవనాన్ని. నారాయణగూడ, చిక్కడపల్లి సందుల్లో ముప్పై నలభై ఏళ్లుగా నిలబడి ఉన్న భవనాన్ని నీ లెక్క ఏదని గుమ్మం దగ్గర నిలదీసేవాళ్లు లేరు. ఎవరూ అడగనప్పుడు చెప్పడమే మీ వ్యక్తిత్వానికి పరీక్ష.

చెప్పే పద్ధతి

లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద, ప్రతినెలా ఒకే తేదీన, ఐదు లైన్లు పెట్టండి. నమూనా ఇదిగో:

మన భవనం, మే నెల.
రోజుకి 61 యూనిట్లు. నిరుడు మేలో 54.
కారణం: బోరు మోటరు రోజుకి రెండు గంటలు ఎక్కువ నడిచింది.
మేం చేస్తున్నది: ట్యాంకుకి ఫ్లోట్ స్విచ్ పెట్టిస్తున్నాం.
మిమ్మల్ని కోరేది: ఫ్లష్ ట్యాంకు కారుతుంటే వాచ్‌మన్‌కి చెప్పండి.

ఇందులో ఏముందో చూడండి. రూపాయల ఊసు లేదు. ఏ ఫ్లాటు పేరూ లేదు. కమిటీ తన వంతు ఏం చేస్తోందో ముందు చెప్పి, తర్వాతే జనాన్ని అడిగింది. అడిగింది కూడా ఒక్కటే. ‘లైట్లు ఆర్పండి, లిఫ్టు తక్కువ వాడండి, నీళ్లు పొదుపు చేయండి, సహకరించండి’ అని ఒకే కాగితం మీద నాలుగు హితబోధలు చేస్తే ఒక్కటీ జరగదు.

ఎంత జాగ్రత్తగా రాసినా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. పై అంతస్తు పెద్దాయన ఎదురుపడి, “ఏం బాబూ, మమ్మల్ని వేలెత్తి చూపడానికా ఈ బోర్డు?” అంటారు. వాదించకండి. “లేదంకుల్, ఇది ఎవరింటి మీటరూ కాదు. లిఫ్టు, మోటరు, మెట్ల లైట్లు. మీరు ఇంజనీరుగా చేసి రిటైరైనవారు కదా, ఒకసారి రీడింగు చూసి పెడతారా?” అని అడగండి. బోర్డుని తప్పుపట్టిన మనిషి చేతికే లెక్క ఇస్తే, వచ్చే నెల బోర్డు ఆలస్యమైందని మీకు గుర్తుచేసేది ఆయనే కావచ్చు.

హాస్టల్లో అయితే మాట ఇంకా మెత్తగా ఉండాలి. ఉద్యోగం కోసం ఇంట్లో డబ్బులడగలేక చదువుతున్న పిల్లలు వాళ్లు. రాత్రి రెండింటికి వెలిగే టేబుల్ లైటు జోలికి పోకండి. ఎల్‌ఈడీ అయితే అది రాత్రంతా వెలిగినా పదో వంతు యూనిట్ కాలదు. వేసవిలోనూ ఆన్‌లోనే ఉండిపోయే గీజర్ గురించి మాట్లాడండి. 2,000 వాట్ల గీజర్ గంట నడిస్తే రెండు యూనిట్లు. అంకె చూపిస్తే పిల్లలు ఒప్పుకుంటారు, గోడ మీద ‘ఫైన్’ అని రాస్తే మీ కళ్లుగప్పే దారి వెతుకుతారు.

అన్నిటికన్నా కష్టమైనది మీరు బాధ్యతలో ఉన్నప్పుడు పెరిగిన నెల. ఆ నెల బోర్డు ఖాళీగా పెట్టాలనిపిస్తుంది. ‘వచ్చే నెల రెండూ కలిపి పెడదాం’ అనిపిస్తుంది. పెట్టకపోతే జనం అడగరు కూడా. కానీ తగ్గిన నెలల్ని చూపించి పెరిగిన నెలల్ని దాచే బోర్డుని మూడోసారి ఎవరూ నమ్మరు. పెరిగిందని మీరే ముందుగా రాసిన రోజు నుంచి, తగ్గిందని మీరు చెప్పే మాటకి విలువ వస్తుంది.

ఈ నెల సాధన

1. గత పన్నెండు బిల్లులు సంపాదించండి. దొరక్కపోతే మీ సర్వీసు నంబరుతో విద్యుత్ సంస్థ యాప్‌లోనో, సెక్షన్ ఆఫీసులోనో అడగండి. రీడింగులు, తేదీలు, యూనిట్లు ఒక పేజీలో రాయండి.

2. ప్రతి నెలకీ రోజువారీ యూనిట్లు కట్టండి. సీటీ మీటరైతే గుణకం మరవకండి. ఎక్కువ వచ్చిన రెండు నెలల పక్కన కారణం రాయండి. తెలియకపోతే ప్రశ్నార్థకం పెట్టండి, అది కూడా నిజాయితీగల జవాబే.

3. పన్నెండు నెలల మొత్తాన్ని విస్తీర్ణంతోనో, పడకలతోనో, తలలతోనో భాగించి మీ భవనం అంకె తేల్చండి.

4. ఒక రాత్రి రెండు రీడింగులు తీసి, ఎవరూ లేని వేళ వాడకం ఎంతో చూడండి. ఆపగలిగినది ఒక్కటి ఎంచుకోండి. మూడు వద్దు, ఒక్కటి చాలు.

5. ఐదు లైన్ల బోర్డు పెట్టండి. మూడు నెలలు వరసగా పెట్టాకే ఫలితం గురించి ఆలోచించండి.

6. నాలుగో నెల రీడింగు మీరు తీయకండి. ఇంటర్ చదివే పిల్లనో, రిటైరైన పెద్దాయననో, వాచ్‌మన్‌నో తీయమని చెప్పి, బోర్డు మీద వాళ్ల అంకెనే రాయండి. మీరు పదవి దిగిపోయాక కూడా ఆ బోర్డు నిండుతుంటే ఈ అధ్యాయం మీకు వచ్చినట్టు. మీతోపాటే ఆగిపోతే మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టండి, ఈసారి మొదటి రోజే తోడుగా ఒకరిని కూర్చోబెట్టుకుని.